మార్చావు సరే, ఎందుకు మార్చావో రాశావా?

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం. ఈ చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ రూముకైనా వెళ్లి ఒక్క మాట అడగండి: "ఆ మెషీన్‌లో ఇప్పుడు నడుస్తున్న ప్రోగ్రామ్ ఏది? దాని అసలు కాపీ ఎక్కడుంది?" నాకు ఎక్కువచోట్ల దొరికిన జవాబు ఇదీ: "పాత ఇంజనీర్ సార్ ల్యాప్‌టాప్‌ల ఉండె సార్. ఆయన మానేసి పోయిండు." ఇంకాస్త గట్టిగా అడిగితే సొరుగులోంచి ఒక పెన్‌డ్రైవ్ బయటికొస్తుంది. అందులో ఒకే మెషీన్ పేరుతో ఆరేడు ఫోల్డర్లు. ఒకటి 'ఫైనల్', ఒకటి 'ఫైనల్ న్యూ', మరొకటి 'లేటెస్ట్ ఓకే'. వాటిలో ఏది మెషీన్‌లో ఉందో ఆ గదిలో చెప్పగలిగినవాడు ఉండడు.

ఎనభైల నుంచి ఈ బొంబాయి రోడ్డు పక్కనే కంట్రోల్ ప్యానెళ్ల మధ్య బతికినవాణ్ణి. పనిముట్లు లేవన్నది నా ఫిర్యాదు కాదు. ఇప్పుడున్నంత మంచివి మా రోజుల్లో కలలోకి కూడా రాలేదు. అయినా మార్పును పట్టి ఉంచే శ్రద్ధ అప్పుడు ఎక్కువ, ఇప్పుడు తక్కువ. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

మాకు ఆ శ్రద్ధ డ్రాయింగ్ నేర్పింది. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ లాంటి పెద్ద కర్మాగారం పక్కనుంటే, దానికి విడిభాగాలు చేసిచ్చే చిన్న యూనిట్లకు కూడా ఆ పద్ధతి అబ్బేది. ప్రతి డ్రాయింగ్‌కూ ఒక రివిజన్ పట్టిక. ఒక కొలత మారితే దాని పక్కన చిన్న త్రికోణం, అందులో రివిజన్ నంబరు. పట్టికలో తేదీ, ఏం మారింది, ఎవరు గీశారు, ఎవరు సరిచూశారు, ఎవరు ఒప్పుకున్నారు. అమోనియా వాసన వదలని కొత్త ప్రింట్ షాపులోకి వచ్చిందంటే పాత ప్రింట్ వెనక్కి ఇచ్చి సంతకం పెట్టాల్సిందే. పాత ప్రింట్ పట్టుకుని ఎవరైనా లేత్ మీద పని చేస్తే ఫోర్‌మన్ ఊరుకునేవాడు కాదు. సాఫ్ట్‌వేర్‌వాళ్లు ఇవాళ కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ అని పిలుస్తున్నది పుట్టింది కూడా ఇలాంటి డ్రాయింగ్ క్రమశిక్షణలోంచే. క్షిపణులకూ విమానాలకూ వేల విడిభాగాలు చేస్తూ, ఏ భాగం ఏ రివిజన్‌లో ఉందో తెలియక అవస్థపడ్డ అమెరికా రక్షణ శాఖ యాభైల్లో, అరవైల్లో దానికి నియమాలు రాసుకుంది. ప్రోగ్రాములకు ఆ నియమాలు తర్వాత వచ్చాయి.

పీఎల్‌సీలు వచ్చిన కొత్తల్లో కూడా ఆ క్రమశిక్షణే నడిచింది. పీఎల్‌సీ అంటే ఫ్యాక్టరీ యంత్రాన్ని నడిపే గట్టి కంప్యూటర్. సీమెన్స్ ఎస్5 రోజుల్లో ఖరారైన ప్రోగ్రామ్‌ను ఈప్రామ్ చిప్‌లో కాల్చి పెట్టేవాళ్లం. మార్చాలంటే చిప్ ఊడదీసి, అతినీలలోహిత దీపం కింద ఇరవై నిమిషాలు పెట్టి చెరిపి, మళ్లీ కాల్చాలి. చిప్ నెత్తిమీద చిన్న గాజు కిటికీ ఉండేది. దాన్ని మూయడానికి అంటించే స్టిక్కర్ మీదే మెషీన్ పేరు, వెర్షన్, తేదీ, పొట్టి సంతకం. వెలుతురు తగలకుండా ఆపేదీ వెర్షన్ చెప్పేదీ ఆ స్టిక్కరే. మార్చడం అంత కష్టం కాబట్టి మార్చేముందు మనిషి ఆలోచించేవాడు. మార్చాక ల్యాడర్ (నిచ్చెన బొమ్మలా రాసే పీఎల్‌సీ ప్రోగ్రామ్) మొత్తం డాట్ మ్యాట్రిక్స్ మీద ప్రింట్ తీసి, మారిన వరుస పక్కన ఎర్ర సిరాతో కారణం రాసి ఫైల్లో పెట్టేవాళ్లం. ఆ ఫైలు ప్యానెల్ తలుపు లోపలి జేబులోనే ఉండేది. రాత్రి రెండు గంటలకు బ్రేక్‌డౌన్ వచ్చినా, ఎవరినీ నిద్ర లేపకుండా చదువుకుని పని కానిచ్చేవాళ్లం.

ప్రోగ్రాముల్లో మార్పుల చరిత్రను దాచే పనిముట్లలో, యూనిక్స్ మెషీన్ల మీద పనిచేసే మిత్రుల దగ్గర నేను మొదట చూసినవి ఎస్‌సీసీఎస్, ఆర్‌సీఎస్. ఎస్‌సీసీఎస్‌ను బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ 1972లో మొదలుపెట్టాడు. ఆర్‌సీఎస్‌ను ఎనభైల మొదట్లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిచీ చేశాడు. ఇవాళ్టి పిల్లలు వాటి పేరు వింటే పెదవి విరుస్తారు. అవి చేసిన పని తెలిస్తే అలా విరవరు.

ఎస్‌సీసీఎస్‌లో ఒక ఏర్పాటు ఉండేది. మార్పును దాచబోయే ముందు అది "మార్పు కోరిన నంబరు ఎంత?" అని అడిగేలా పెట్టుకోవచ్చు. అంతటితో ఆగదు. ఇచ్చిన నంబరు అసలుదో కాదో తేల్చడానికి మన సొంత ప్రోగ్రామ్‌ను పిలుస్తుంది. అది కాదంటే మార్పు లోపలికి పోదు. ఏ ఆఫీసుకు ఏ నంబర్లుంటాయో రాచ్‌కైండ్‌కు తెలిసే అవకాశం లేదు. అందుకే తన పనిముట్టులో ఒక తలుపు తెరిచిపెట్టి, అక్కడ మీ నియమం మీరు పెట్టుకోండి అన్నాడు. నలుగురికి పనికొచ్చే పనిముట్టు చేసే తీరు అది. మూల పని గట్టిగా చేయాలి, మిగతాది వాడేవాడి అవసరానికి వదలాలి.

ఇంకొకటి. ప్రోగ్రామ్ లోపలే ఒక గుర్తు వాక్యం పెడితే, కంపైలయ్యాక కూడా 'వాట్' అనే ఆజ్ఞతో ఆ ఫైలునే అడగవచ్చు, నువ్వు ఏ వెర్షన్ అని. కాగితం పోయినా, రాసినవాడు ఊరు వదిలినా, నడుస్తున్న వస్తువే తన సంగతి తాను చెబుతుంది. ఆర్‌సీఎస్‌లోనూ అలాంటిదే 'ఐడెంట్'. అది చూశాక మా పీఎల్‌సీల్లో కూడా ఒక డేటా బ్లాకులో వెర్షన్ నంబరు, తేదీ పెట్టి ఆపరేటర్ స్క్రీన్ మూలన కనపడేలా చేయడం అలవాటు చేసుకున్నాం. ఆపరేటర్ ఫోన్‌లో "మూలన ఫోర్ పాయింట్ టూ అని ఉంది సార్" అంటే చాలు, ఏ ప్రింట్ తెరవాలో తెలిసిపోయేది.

ఆర్‌సీఎస్ దాచుకునే ఫైలు మామూలు అక్షరాల ఫైలు. తాజా ప్రతి మొత్తంగా, పాతవి వెనక్కి నడిచే తేడాలుగా ఉంటాయి. ఏ ఎడిటర్‌లోనైనా తెరిచి కళ్లతో చదవవచ్చు. అది అలా తెరిచి ఉండటం వల్లే 1986లో ఆమ్‌స్టర్‌డామ్‌లో డిక్ గ్రూన్ దాని మీద కొన్ని షెల్ స్క్రిప్టులు కట్టి సీవీఎస్ చేయగలిగాడు. తానూ తన విద్యార్థులూ వేర్వేరు వేళల్లో ఒకే కంపైలర్ మీద పనిచేయాల్సి వచ్చి, ఆర్‌సీఎస్‌లో ఒకడు ఫైలుకు తాళం వేస్తే మిగతావాళ్లు ఆగిపోకుండా దారి వెతికాడు. తర్వాత బ్రయాన్ బెర్లినర్ దాన్ని సీ భాషలో తిరగరాశాడు. 2000లో మొదలైన సబ్‌వెర్షన్ సీవీఎస్ లోపాలు దిద్దడానికి పుట్టింది. లినస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో గిట్ మొదలుపెట్టినప్పుడు దాన్ని చిన్న చిన్న ఆజ్ఞల కూటమిగా కట్టాడు. కమిట్ ముందు, కమిట్ తర్వాత, సర్వర్‌కు చేరేటప్పుడు మన ప్రోగ్రామ్‌ను పిలిచే హుక్స్ గిట్‌లో ఉన్నాయి. ఎస్‌సీసీఎస్‌లో తెరిచిన తలుపు గిట్ దాకా మూతపడలేదు.

అలాంటి వారసత్వం ఉంటే, మన షాప్‌ఫ్లోర్‌లో జరుగుతున్నదేమిటి?

ప్యానెల్‌కు కేబుల్ తగిలించి, మెషీన్ నడుస్తుండగానే టైమర్ ముప్పై సెకన్ల నుంచి నలభై అయిదుకు మార్చేస్తారు. ల్యాప్‌టాప్ మూస్తారు. లాగ్‌బుక్‌లో "ప్రాబ్లమ్ సాల్వ్‌డ్" అని రాస్తారు. ఏ ప్రాబ్లమ్? ముప్పై ఎందుకు చాలలేదు? వాల్వ్ బిగుసుకుందా, గాలి ప్రెషర్ పడిపోయిందా? అది ఎక్కడా ఉండదు. ఆరు నెలల తర్వాత వాల్వ్ కొత్తది వేస్తారు, టైమర్ మాత్రం నలభై అయిదులోనే ఉండిపోతుంది. ఆ తర్వాత వచ్చినవాడు నలభై అయిదే దేవుడిచ్చిన అంకె అనుకుంటాడు.

అసలు కాపీ పోతే మెషీన్ నుంచి వెనక్కి అప్‌లోడ్ చేసుకోవచ్చు కదా అంటారు. ఈ బెల్టులో ఇప్పటికీ నడుస్తున్న ఎస్7-300 లాంటి పాత తరం పీఎల్‌సీల నుంచి మామూలుగా అప్‌లోడ్ చేస్తే ఆజ్ఞలు వస్తాయి, మనం పెట్టిన పేర్లూ వ్యాఖ్యలూ రావు. యంత్రం ఏం చేస్తుందో తెలుస్తుంది, ఎందుకు చేస్తుందో తెలియదు. కొత్త తరం కంట్రోలర్లు వ్యాఖ్యల్ని కూడా లోపలే దాచుకుంటున్నాయి. మంచిదే. మనిషి రాయని వ్యాఖ్యను ఏ కంట్రోలర్ దాచగలదు?

మందుల ఫ్యాక్టరీల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. ఇక్కడ తయారయ్యే బల్క్ డ్రగ్స్ ప్రపంచమంతా వెళతాయి. మార్పుల నియంత్రణ అనే మాట ఇక్కడ ప్యూనుకు కూడా తెలుసు. 2000లో ఖరారైన ఐసీహెచ్ క్యూ7 మార్గదర్శకాల్లో దానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. 1997లో అమెరికా ఎఫ్‌డీఏ తెచ్చిన పార్ట్ 11 నియమాలైతే, ఎలక్ట్రానిక్ రికార్డు మారితే పాత విలువ చెరిగిపోకూడదు, ఎవరు ఎప్పుడు మార్చారో యంత్రమే నమోదు చేయాలి అంటాయి. అందుకే ఛేంజ్ కంట్రోల్ ఫారం బ్రహ్మాండంగా ఉంటుంది. నంబరు, కారణం, ప్రభావం, క్యూఏ సంతకం, ముగింపు తేదీ, అన్నీ ఉంటాయి. ఆ ఫారం ఒక గదిలో, ప్రోగ్రామ్ మరో గదిలో. ఫారంలో "పీఎల్‌సీ లాజిక్ మాడిఫైడ్" అని ఒక్క ముక్క. ఏ వరుస, ఏ టైమర్, అంతకుముందు ఎంత, ఇప్పుడెంత అని అడిగితే మళ్లీ ఆ పెన్‌డ్రైవే. భూమి పట్టా ఎంత బాగున్నా లింకు డాక్యుమెంట్లు లేకపోతే సంగారెడ్డి రిజిస్ట్రార్ ఆఫీసు బయట ఎవరూ నమ్మరు. ఫారం నంబరుకూ ప్రోగ్రామ్ వెర్షన్‌కూ మధ్య ఆ లింకే తెగిపోయింది. ఎస్‌సీసీఎస్ మార్పు నంబరు అడిగి సరిచూసిన పని యాభై ఏళ్ల తర్వాత ఇక్కడ సంతకాల దగ్గరే ఆగిపోవడం నాకు మింగుడుపడదు.

ఇది కాగితాల పట్టింపు అనుకోకండి. రియాక్టర్‌కు ఇంటర్‌లాక్ ఉంటుంది. కలిపే స్టిరర్ ఆగితే రసాయనం పోయడం ఆగాలి, వేడి హద్దు దాటితే ఆవిరి వాల్వ్ మూసుకోవాలి. నైట్ షిఫ్ట్‌లో సెన్సర్ చెడిపోతుంది. బ్యాచ్ పాడవుతుందని ఎవరో ఆ ఇంటర్‌లాక్‌ను బైపాస్ చేస్తారు. తెల్లారి షిఫ్ట్ మారుతుంది, చెప్పడం మర్చిపోతారు. సెన్సర్ బాగవుతుంది, బైపాస్ మిగిలిపోతుంది. ద్రావకాల డ్రమ్ముల మధ్య, ఎక్సోథర్మిక్ చర్యల మధ్య ఆ మిగిలిపోయిన ఒక్క బైపాస్ ఏం చేయగలదో ఈ బెల్టులో పనిచేసిన ఎవరికీ నేను చెప్పనక్కర్లేదు. మార్పును నమోదు చేయడం అంటే మరుసటి షిఫ్ట్‌లో వచ్చేవాడి ప్రాణం గురించి ఆలోచించడం.

సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఉన్నవాళ్లు ఇది ఫ్యాక్టరీల వెనకబాటుతనమని అనుకోవద్దు. ముత్తంగి దగ్గర ఔటర్ ఎక్కితే గచ్చిబౌలి ఎంతో దూరం లేదు. అక్కడ అందరికీ గిట్ వచ్చు. చేతికి దొరికిన రిపో తెరిచి కమిట్ మెసేజ్‌లు చదవండి: 'ఫిక్స్', 'అప్‌డేట్', 'మైనర్ ఛేంజెస్', మళ్లీ 'ఫిక్స్'. ఏం మారిందో గిట్ ఎలాగూ చూపిస్తుంది. ఎందుకు మారిందో మాత్రమే మనిషిని అడుగుతుంది. అదొక్కటే మనవాళ్లు రాయరు.

నిర్లక్ష్యం ఖరీదు చెప్పే ఉదాహరణ కావాలంటే అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల సంస్థను చూడండి. 2012లో వాళ్లు కొత్త ప్రోగ్రామ్‌ను ఎనిమిది సర్వర్లలో ఏడింటికి ఎక్కించి ఒకదాన్ని వదిలేశారు. ఆ ఒక్కదానిలో ఏనాడో వాడకం మానేసిన పాత కోడ్ ఆగస్టు 1న పొద్దున మార్కెట్ తెరవగానే నిద్ర లేచింది. దాదాపు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోయింది. ఎనిమిదీ ఒకేలా ఉన్నాయా అని చూసే ఏర్పాటు లేకపోవడమే కారణం. మన దగ్గర ఒకే రకం సెంట్రిఫ్యూజ్‌లు నాలుగుంటే నాలుగింటి ప్రోగ్రామూ ఒకటేనని చేయి వేసి చెప్పగలిగేవాళ్లెందరు?

అంత పెద్ద సమస్యకు మందు కూడా చాలా కాలం కిందే దొరికింది. 1993లో ఓస్లోలో మార్క్ బర్జెస్ సీఎఫ్ఇంజిన్ చేశాడు. యంత్రాలు ఎలా ఉండాలో ఒకచోట రాసిపెడితే, అది ప్రతి యంత్రాన్నీ చూసి, తేడా ఉంటే దారిలోకి తెస్తుంది. 2005లో పప్పెట్, 2012లో ఆన్సిబుల్ ఆ దారిలోనే వచ్చాయి. ఫ్యాక్టరీలో పీఎల్‌సీని దానంతట అది దిద్దడం ప్రమాదం, అలా చేయడానికి నేనూ ఒప్పుకోను. రోజూ రాత్రి అసలు కాపీతో పోల్చి, తేడా కనిపిస్తే పొద్దున షిఫ్ట్ ఇంచార్జికి చెప్పడం మాత్రం చేసి తీరాలి. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్లు మార్కెట్‌లో ఉన్నాయి. చిన్న యూనిట్లు వాటి ధర మోయలేవు.

"తాత కాలం కబుర్లు, మళ్లీ ఈప్రామ్‌లు కాల్చమంటారా సార్?" అని ఒక కుర్రాడు నన్నడిగాడు. అక్కర్లేదు నాయనా. గిట్ మా పనిముట్లన్నిటికన్నా గొప్పది. ప్రతిదానికీ దాని లోపలి సరుకు నుంచే పేరు లెక్కకట్టి పెట్టుకుంటుంది కాబట్టి పాత చరిత్రను ఎవరైనా గుట్టుగా మారిస్తే ఆ పేర్లు కలవవు. దాన్ని మన యంత్రాలకు తగినట్టు వంచుకోమనే నేనంటున్నది. పీఎల్‌సీ ప్రాజెక్టు మూసిన డబ్బా లాంటి బైనరీ ఫైలైతే గిట్‌కు లోపల ఏం మారిందో కనపడదు. తేడా చూపించే ముందు ఫైలును అక్షరాల్లోకి మార్చే మన సొంత ప్రోగ్రామ్‌ను పిలిచే ఏర్పాటు గిట్‌లోనే ఉంది. రాక్‌వెల్ ప్రాజెక్టులు ఎల్5ఎక్స్ రూపంలో, సీమెన్స్ టియా పోర్టల్ బ్లాకులు ఎక్స్‌ఎంఎల్‌లో బయటికి తీయవచ్చు. బెకాఫ్ ట్విన్‌క్యాట్ 3 తన కోడ్‌ను మొదటి నుంచీ ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలోనే పెడుతుంది. పీఎల్‌సీ ఓపెన్ సంస్థ ఎక్స్‌ఎంఎల్ నమూనా 2019లో ఐఈసీ 61131-10 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. రెండు ల్యాడర్ ప్రతుల్ని కలపడం కుదరని చోట ఒకరి తర్వాత ఒకరు పనిచేయడమే మేలు. పాతదని పక్కన పెట్టిన ఆర్‌సీఎస్ తాళం పద్ధతి పెద్ద బైనరీ ఫైళ్ల కోసం గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్‌లో మళ్లీ వచ్చింది. ముక్కలన్నీ సిద్ధంగా ఉన్నాయి, ఈ బెల్టు అవసరానికి తగినట్టు కలిపేవాడే కరువు.

ఆ పని చేయవలసినవాళ్లు మన రోడ్డు మీదే ఉన్నారు. 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో మొదలైన ఐఐటీ ఇప్పుడు కందిలో ఉంది. ప్రాజెక్టు కోసం టాపిక్ వెతికే పిల్లలకు నాదొక మనవి. ఒక చిన్న పనిముట్టు చేయండి. అది పీఎల్‌సీ ప్రాజెక్టును అక్షరాల్లోకి తీసి గిట్‌లో పెట్టాలి. ఛేంజ్ కంట్రోల్ నంబరు లేని మార్పును ఒప్పుకోకూడదు. చేత్తో ఫోర్స్ చేసిన సిగ్నళ్లు, బైపాస్‌లో ఉన్న ఇంటర్‌లాక్‌లు అన్నీ రోజూ పొద్దున పేరుపేరునా చెప్పాలి. ల్యాడర్ తేడాను ల్యాడర్ బొమ్మలాగే పక్కపక్కన చూపించాలి, డిప్లొమా చదివిన టెక్నీషియన్ చూడగానే అర్థమయ్యేలా. కారణాన్ని తెలుగులో రాసుకోనివ్వాలి. అన్నిటికన్నా ముఖ్యం, రేపు కొత్త కంపెనీ పీఎల్‌సీ వస్తే మూలం ముట్టుకోకుండా దానికో చిన్న భాగం రాసి తగిలించుకునేలా ఉండాలి. ఒక మందుల ఫ్యాక్టరీ నియమం ఒక రకం, ట్రాక్టర్ విడిభాగాల షాపు నియమం మరో రకం. రెండిటికీ ఒకే నియమం రుద్దే పనిముట్టును రెండూ మూలన పడేస్తాయి.

ఫ్యాక్టరీ యజమానులకూ ఒక మాట. మెషీన్ కొనేటప్పుడు మోటారు హార్స్‌పవర్ దాకా బేరమాడతారు, ప్రోగ్రామ్ సోర్సు మాటే ఎత్తరు. పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయండి: వ్యాఖ్యలతో సహా సోర్సు ఇవ్వాలి, పాస్‌వర్డులు ఇవ్వాలి, అక్షరాల రూపంలో బయటికి తీసుకునే వీలుండాలి, కమిషనింగ్ చివరి రోజు చేసిన మార్పులు కూడా అందులో ఉండాలి. ఇవి ముట్టేదాకా ఆఖరి వాయిదా చెల్లించకండి. ఇంటిగ్రేటర్లు మొదట గొణుగుతారు, తర్వాత ఇస్తారు. డ్రాయింగ్ ఇవ్వని ప్యానెల్‌ను మేం ఎన్నడూ తీసుకోలేదు. ప్రోగ్రామ్‌కు మాత్రం మినహాయింపు ఎందుకు?

కొత్త పనిముట్టు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. వచ్చే షట్‌డౌన్‌లో ప్రతి పీఎల్‌సీకీ కేబుల్ తగిలించి, నడుస్తున్నదాన్ని బయటికి తీసి, పెన్‌డ్రైవ్‌లో ఉన్నదానితో పోల్చండి. కలవనిచోట ఎవరు మార్చారో వెతికి కారణం రాయించండి. మానేసి పోయిన ఇంజనీర్‌కు ఫోన్ చేయండి. అడిగితే చెప్పనివాణ్ణి నేను చూడలేదు. తేలినదాన్ని ఒకే చోట, ఒకే పేరుతో, వెర్షన్ నంబరుతో పెట్టి, ఆ నంబరును ఆపరేటర్ స్క్రీన్ మూలన వేయండి. దీనికి పైసా ఖర్చు లేదు. ఆ తర్వాత ప్రోగ్రామ్ మీద ఎవరు చెయ్యి పెట్టినా, ల్యాప్‌టాప్ మూసేముందు "ఎందుకు?" అన్నదానికి జవాబు రాసి పోవాలని ఖండితంగా చెప్పండి, అది షిఫ్ట్ టెక్నీషియనైనా, ప్లాంట్ హెడ్ అయినా.